ఆయకట్టు చివర రెండు జతల స్పీకర్లు

బుక్‌షెల్ఫ్ స్పీకర్లని బుక్‌షెల్ఫ్‌లో పెట్టకూడదన్న సంగతి నాకు యాభై మూడో ఏట తెలిసింది. అప్పటికే అరలోని పుస్తకాలన్నీ తీసి మంచం కింద సర్దేశాను.

పెట్టకూడదట. పెడితే వెనక గోడ వాటి గొంతు నొక్కేస్తుందట. వాటికి వేరే స్టాండ్లుండాలి. ఆ స్టాండ్ల కాళ్ళలో ఇసుక పొయ్యాలి. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరం ఉందో వినేవాడి చెవులకీ అంతే దూరం ఉండాలి. వినేవాడు తల తిప్పకూడదు. మరి వీటిని బుక్‌షెల్ఫ్ స్పీకర్లని ఎందుకంటారని షోరూమ్ కుర్రాడు ప్రణీత్‌ని అడిగాను.

"జస్ట్ సైజు ఐడియా కోసం సార్" అన్నాడు.

నేను బీమా కంపెనీలో క్లెయిముల విభాగంలో పనిచేస్తాను. అవతలివాడు చెప్పింది నమ్మకపోవడమే నా ఉద్యోగం. అలాంటివాణ్ణి మూడు నెలలపాటు రోజూ ఫోన్లో స్పీకర్ల సమీక్షలు చూశాను. ఏ స్పీకరు ఎంత గొప్పగా పలుకుతోందో ఆ ఫోన్ స్పీకర్లోనే విని తల ఊపాను. చివరికి రెండు జతల దగ్గర ఆగిపోయాను. ఒకటి ఇంగ్లండు వాళ్ళది, ఇంకోటి డెన్మార్కు వాళ్ళది. వాటి ధర ఇక్కడ రాయను. ఈ కథ మా ఆవిడ హైమ కూడా చదువుతుంది.

నేను ఎటూ తేల్చుకోలేకపోవడం చూసి ప్రణీత్ రెండు జతల్నీ మా ఇంటికే తెచ్చి బిగించాడు.

"రెండు వారాలు ఇంట్లో పెట్టుకుని వినండి సార్. ఆ తర్వాత ఆదివారం వస్తాను. ఏది ఉంచుకుంటారో చెప్పండి, రెండోది పట్టుకెళ్ళిపోతా."

హాల్లోంచి సోఫా బాల్కనీలోకి పోయింది. బల్ల వంటింట్లోకి పోయింది. హాలు మధ్యలో ఒక్క కుర్చీ మిగిలింది. హైమ గుమ్మంలో నిలబడి నాలుగు స్పీకర్లనీ కాసేపు చూసింది.

"గోడకి ఆనించకూడదు, ఎవరూ తాకకూడదు, ఎదురుగుండా నడవకూడదు. స్పీకర్లలా లేవండీ, అల్లుళ్ళలా ఉన్నారు" అంది.

మాకు ఆడపిల్లలు లేరు. ఆ రోజు నుంచి ఇంగ్లండు జత పెద్దల్లుడు, డెన్మార్కు జత చిన్నల్లుడు అయ్యారు.

వినడం మొదలుపెట్టాను. సమీక్షలన్నిటిలోనూ వాడే పాటొకటి ఉంది. ఎవరో విదేశీ మహిళ పాడుతుంది. పాడే ముందు ఊపిరి పీలుస్తుంది. ఆ ఊపిరి ఏ జతలో నిండుగా వినపడితే ఆ జత గొప్పదన్నమాట. పెద్దల్లుడి మీద విన్నాను. ఊపిరి పీల్చింది. చిన్నల్లుడి మీద విన్నాను. మళ్ళీ పీల్చింది. నాలుగు రోజులు విన్నాను. ఆవిడ ఆరోగ్యంగా ఉందని తప్ప నాకింకేమీ తెలియలేదు.

ప్రణీత్‌కి ఫోన్ చేశాను. తేడా తెలియడం లేదని చెప్పలేదు. చెప్తే ఇంకేముంది, మూడు నెలల చదువు గంగలో కలిసిపోతుంది. "తేడా ఉందిగానీ, ఎక్కడో మరుగున పడుతున్నట్టుంది" అన్నాను.

"ఎగ్జాక్ట్‌లీ సార్! మీరు కరెక్టుగా పట్టుకున్నారు. మీ బిల్డింగ్ చప్పుడు ఆ డీటెయిల్ మొత్తం తినేస్తోంది. సౌండ్‌స్టేజ్ ఓపెన్ అవ్వట్లేదు. ఏ వాయిద్యం ఎక్కడ కూర్చుందో కళ్ళు మూసుకుంటే కనపడాలి సార్. సైలెంట్‌గా ఉన్నప్పుడు ఒక్క అరగంట వినండి, మీకే తెలిసిపోతుంది."

నేను కరెక్టుగా పట్టుకున్నానని తెలిసి ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

మాది మలయజ రెసిడెన్సీ. కింద కార్లు, పైన నాలుగు అంతస్తులు. నడిమధ్య కింది నుంచి పైదాకా ఒక డక్టు. అందరి వంటింటి కిటికీలూ దాని మీదికే తెరుచుకుంటాయి. ఎవరింట్లో కుక్కరు కూసినా అందరి పప్పూ ఉడికినట్టే ఉంటుంది. మా 104 ఆ డక్టుకి అట్టడుగున ఉంది.

అన్నిటికన్నా పైన 404లో రాజ్యలక్ష్మమ్మ గారుంటారు. ఆవిడకి అరవై రెండేళ్ళు. పది నెలల కిందట వీణ మొదలుపెట్టారు. చల్లగా ఉంటుందని డక్టు కిటికీ పక్కనే కూర్చుని, రోజూ సాయంత్రం ఐదింటికి మోహన రాగంలో ఒకే ఒక్క కీర్తన వాయిస్తారు. అందులో ఒకచోట వేలు గాంధారం మీంచి పంచమానికి పోవాలి. దారిలో మధ్యమం మెట్టు మీద ఆగుతుంది. మోహనలో మధ్యమమే లేదని, చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్న హైమ చెప్పింది. లేని స్వరాన్ని ఆవిడ పది నెలలుగా రోజూ అదే చోట కచ్చితంగా వేస్తున్నారు. విదేశీ మహిళ ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ మధ్యమం సరిగ్గా ఆ ఊపిరి మీదే వచ్చి పడేది.

నాకు కావలసింది ఆదివారం ఒక్క అరగంట నిశ్శబ్దం. అడగడానికి మా అంతస్తులోనే ఉండే అసోసియేషన్ ప్రెసిడెంటు దక్షిణామూర్తి గారి ఇంటికి వెళ్ళాను.

ఆయన నీటిపారుదల శాఖలో పెద్ద ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఒక పెద్ద కాలువ తవ్వించారు. దాని చివరి ఊరికి నీళ్ళు చేరాయన్న దాఖలా లేదంటారు గానీ, అది గిట్టనివాళ్ళ మాట కావచ్చు. ఆ ఊరికి నేను వెళ్ళలేదు. నీళ్ళూ వెళ్ళలేదు కాబట్టి మా ఇద్దరి దగ్గరా సాక్ష్యం లేదు.

నా మాట విని ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"భావనారాయణ గారూ, ఒక వ్యక్తికి నిశ్శబ్దం మంజూరు చేసే అధికారం ఈ సంఘానికి లేదు. ఇస్తే ఆయకట్టు మొత్తానికీ ఇవ్వాలి."

"ఆయకట్టా అండీ?"

"మీరు సమస్యని చప్పుడుగా చూస్తున్నారు. నేను ప్రవాహంగా చూస్తున్నాను. ఎగువ వాళ్ళు ఇష్టానుసారం విడుదల చేస్తారు. అది డక్టు అనే ప్రధాన కాలువ ద్వారా పల్లానికి ప్రవహించి, చివరి ఆయకట్టు అయిన మీ ఫ్లాటుని ముంచుతుంది. నివారణ ఏమిటి? నియంత్రణ! వంతులు! వారబందీ!"

నలభై ఏళ్ళ సర్వీసులో ఆయనకి దొరకని చివరి ఊరు ఇప్పటికి దొరికినట్టు ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ ఊరు మా హాలు. ఆదివారం అరగంట చాలండీ అని నేను గొణిగాను. అప్పటికే ఆయన గోడ గడియారం కేసి చూస్తూ కాలువ తవ్వుతున్నారు.

మర్నాడే కమిటీ కూర్చుంది. ఇకపై రోజూ సాయంత్రం ఐదు నుంచి ఆరు వరకు మలయజ రెసిడెన్సీలో నిశ్శబ్ద విడుదల. ఆ గంటలో ఏ ఫ్లాటూ ఏ విధమైన శబ్దాన్నీ ప్రధాన కాలువలోకి వదలరాదు. మిగతా వేళల్లో మిక్సీలు, కుక్కర్లు అంతస్తుల వంతున వారబందీ ప్రకారం వాడుకోవాలి. మొదటి అంతస్తు పచ్చడి తెల్లారి ఆరున్నరకి. నాలుగో అంతస్తు పచ్చడి భోజనాలయ్యాక.

సెక్రటరీ యాదగిరి గారిది లారీల వ్యాపారం. చివరిదాకా ఓపిగ్గా విని అడిగాడు.

"సార్, గిదంత ఎవలి కోసం?"

"వ్యక్తులు ప్రధానం కాదు యాదగిరి గారూ. వ్యవస్థ ప్రధానం."

"అట్లనా. నేను భావనారాయణ సార్ డబ్బాల కోసమేమో అనుకున్న."

తీర్మానం మీద నేను ఎవరి ముఖమూ చూడకుండా సంతకం పెట్టాను.

వాచ్‌మన్ సైదులుని లష్కర్‌గా నియమించారు. కాలువల మీద షట్టర్లు ఎత్తి దింపే ఉద్యోగిని అలాగే అంటారట. మొదటి రోజు ఐదింటికి అతను నిశ్శబ్దం మొదలైందని అందరికీ తెలిసేలా గట్టిగా విజిల్ వేశాడు. దాంతో తొలి ఉల్లంఘన లష్కర్‌దే అయింది. రెండో రోజు నుంచి పచ్చజెండా ఇచ్చారు. జెండా ఊపుతున్నట్టు అందరికీ తెలియాలి కదా, అందుకని ఊపే ముందు అతను ప్రతి తలుపూ కొట్టి చెప్పేవాడు.

నిశ్శబ్దంలో ఒక చిక్కుంది. పెద్ద చప్పుళ్ళు పోతే చిన్నవి బయటపడతాయి. మిక్సీలు ఆగాక లిఫ్టు వినపడింది. లిఫ్టు ఆపారు. నీళ్ళ మోటారు వినపడింది. మోటారు ఆపారు. ఫ్యాన్లు ఒకటో నంబరు మీద పెట్టమన్నారు. అప్పుడు 203లో ముసలాయన గురక వినపడింది. ఆ ఒక్క గంటా ఆయన్ని మెలకువగా ఉంచే బాధ్యత వాళ్ళ కోడలికి అప్పగించారు. నేను మాత్రం ఆఫీసు నుంచి ముందే వచ్చేసి హాలు మధ్య కుర్చీలో కూర్చుని విదేశీ మహిళ ఊపిరి వింటున్నాను. ఇప్పుడు చాలా స్పష్టంగా వినపడుతోంది. రెండు జతల్లోనూ.

మూడో రోజు రాజ్యలక్ష్మమ్మ గారు మెట్లు దిగి మా ఇంటికొచ్చారు. లిఫ్టు ఆపేశారు కదా. కూర్చోమందామంటే నా కుర్చీ తప్ప ఇంకోటి లేదు. ఆవిడ హైమతో పాటు వంటింటి గుమ్మంలోనే కూలబడ్డారు.

"అమ్మాయ్ హైమా, మూలా నక్షత్రం నాడు అమ్మవారి ముందు వాయిస్తానని మొక్కుకున్నానే. దసరాకి మన సెల్లార్‌లో పెట్టే అమ్మవారి దగ్గరే. వేలేమో ఆ మధ్యమాన్ని వదలదు. రోజూ గంటసేపు పట్టుకుంటేనే పోతుందని మా టీచరమ్మ అంటుంది."

"ఇంకో గంట చూసుకోండి పిన్నిగారూ" అంది హైమ.

"నాకు ఇంకో గంటెక్కడిదే! ఆ గంటే మనవడు కరాటేకి పోతాడు, కోడలు ఆఫీసు నుంచి రాదు. ఆరు కొట్టిందా, నేను మళ్ళీ వాళ్ళ మనిషిని."

నేను హాల్లోంచే, తల తిప్పకుండా, "ఆదివారం దాకానేనండీ" అన్నాను.

"నీ కోసమేనటగా నాయనా. పోనీలే. ఇంటికి అల్లుళ్ళొచ్చారటగా, మరి మర్యాదలు జరగాలి" అన్నారావిడ. ఎగతాళి లేదు. అదే ఇబ్బంది. లేచి, మోకాళ్ళు పట్టుకుని, మూడంతస్తులూ ఎక్కి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం నుంచి హైమ నిశ్శబ్ద విడుదలని ఇరవైనాలుగు గంటలకీ పొడిగించింది. దానికి కమిటీ అనుమతి తీసుకోలేదు.

ఇల్లూ, బిల్డింగూ ఇంత నిశ్శబ్దంగా ఉన్నా నాకు పెద్దల్లుడికీ చిన్నల్లుడికీ తేడా తెలియలేదు. ఇరవై ఇళ్ళ వాళ్ళు నా కోసం కాఫీ గ్లాసులు కూడా దూది మీద పెడుతున్నారు. ఇలాంటప్పుడు తేడా వినపడకపోవడం కృతఘ్నత. అందుకని మెట్ల దగ్గర ఎవరెదురైనా "బ్రహ్మాండంగా విడిపోతోందండీ" అనేవాణ్ణి. ఏది దేన్నించి విడిపోతోందో ఎవరూ అడగలేదు. మావాళ్ళు మర్యాదస్తులు.

శుక్రవారం సాయంత్రం దక్షిణామూర్తి గారూ, యాదగిరి గారూ తనిఖీకి వచ్చారు. చెప్పులు బయట విడిచి, మునివేళ్ళ మీద నడిచి, డక్టు కిటికీ దగ్గర చెవి పెట్టారు. ప్రెసిడెంటు గారి ముఖం గంభీరమైంది. గుసగుసగా అన్నారు.

"ఒక లీకేజీ ఉంది."

"ఎక్కడండీ?"

"ఇక్కడే. మొత్తం ఆయకట్టులో ఏకైక ఉల్లంఘన మీ హాల్లోంచే వస్తోంది. ఆ స్త్రీ ఎవరు?"

విదేశీ మహిళ సరిగ్గా అప్పుడే ఊపిరి పీల్చింది. నేను పరిగెత్తి ఆపాను.

"అది స్పీకరండీ. నిశ్శబ్దం దాని కోసమే కదండీ..."

"నిశ్శబ్దం ఎవరి కోసమూ కాదు. నిశ్శబ్దం నిశ్శబ్దం కోసం. తీర్మానంలో మినహాయింపు లేదు. మీరూ సంతకం పెట్టారు. ఐదు నుంచి ఆరు వరకు మీ పరికరాలు మూగగా ఉండాలి."

"మరి ఆ గంట కాకుండా వింటే చుట్టూ చప్పుడు కదండీ? రెండిట్లో ఏది మంచిదో తేల్చుకోవడం ఎలా?"

దక్షిణామూర్తి గారు నా కుర్చీలో కూర్చున్నారు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆలోచించారు.

"కాలువ పనితనం నీళ్ళున్నప్పుడే తెలుస్తుందని అనుకోవడం పొరపాటు. నేను ఎన్నో కాలువల్ని ఎండుగా ఉన్నప్పుడే పరిశీలించి సర్టిఫై చేశాను. అవి ఇప్పటికీ అలాగే ఉన్నాయి. మీరు వీటినీ మూగ స్థితిలోనే పోల్చండి. మేమూ సహకరిస్తాం."

అలా ఆ సాయంత్రం మేం ముగ్గురం ఆపేసి ఉన్న స్పీకర్లని విన్నాం. కాసేపు పెద్దల్లుడి ముందు, కాసేపు చిన్నల్లుడి ముందు. ప్రెసిడెంటు గారు కళ్ళు మూసుకున్నారు.

"మొదటి జత నిశ్శబ్దం గంభీరంగా ఉంది. రెండోదాని నిశ్శబ్దంలో కొంత తేలికతనం ఉంది. యువకులకి నచ్చవచ్చు."

"నాకైతే రెండూ ఒక్క తీర్గనే ఊకున్నయి సార్" అన్నాడు యాదగిరి గారు.

నిజం చెప్తున్నాను. ఆ రోజు నాకు మొట్టమొదటిసారి తేడా వినపడింది. చిన్నల్లుడి నిశ్శబ్దం నిజంగానే కాస్త తేలిక.

ఆదివారం మధ్యాహ్నం ప్రణీత్ వచ్చాడు. అట్టపెట్టె ఒకటే తెచ్చాడు. ఒక జతే వెనక్కి పోతుందని అతని నమ్మకం.

"సో సార్, ఏది ఫైనల్?"

"చిన్న... డెన్మార్కుది తేలిగ్గా ఉంది."

"వావ్ సార్! ఏ ట్రాక్‌లో అనిపించింది?"

ఏ ట్రాకూ వెయ్యనప్పుడని చెప్పడానికి నోరు రాలేదు. అప్పుడు వంటింట్లోంచి హైమ గొంతు వినపడింది. నాలుగు రోజుల తర్వాత మాట్లాడింది.

"పరాయి ఆవిడ ఊపిరి ఎన్నాళ్ళు వింటారండీ. మనకి తెలిసిన పాటేదైనా ఒకటి వేసి చూడమనండి."

మాకు మొదట్నించీ చివరిదాకా తెలిసిన పాట లోకంలో ఒక్కటే ఉంది. ప్రణీత్ ఫోన్లో వెతికి, ఎవరో పెద్ద విద్వాంసుడు వీణ మీద వాయించిన అదే మోహన కీర్తన దొరకబుచ్చుకుని పెద్దల్లుడి మీద పెట్టాడు.

నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. వీణ మొదలైంది. ఎంత బాగుందో! తీగ మీద వేలు రాసుకున్నది కూడా వినపడుతోంది. పల్లవి అయింది, అనుపల్లవికి వచ్చింది. గాంధారం పలికింది, పంచమం పలికింది, ముందుకి వెళ్ళిపోయింది.

మెట్టు ఉందనుకుని అడుగేస్తే లేనట్టు నాకు ఒళ్ళు ఝల్లుమంది.

"ఆపు! అక్కడేదో పోయింది."

"ఏం పోయింది సార్?"

"మళ్ళీ వెయ్యి... అదిగో! ఇక్కడ! ఏదో ఉండాలి. మింగేసింది."

ప్రణీత్ వైర్లు సరిచేశాడు. చిన్నల్లుడి మీద వేశాడు. అక్కడా అంతే. అదే చోట, ఏమీ లేదు. గాంధారం, పంచమం, మధ్యలో బోడిగా ఉంది.

"రెండు జతల్లోనూ ఒకటే లోపం ప్రణీత్. ఇంత డబ్బు పోసి ఇదేంటయ్యా?"

"సార్, ప్లే అవ్వాల్సిందంతా ప్లే అవుతోంది సార్!"

"నాకు చెవుల్లేవా?"

గుమ్మంలో హైమ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకి జారబడిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో మొదట అర్థం కాలేదు.

"అది... అది పిన్నిగారి మధ్యమమండీ! ఆవిడ వేసే తప్పు. మీరు వెతుకుతున్నది దాన్ని!"

ప్రణీత్ నా కేసీ పైకప్పు కేసీ చూశాడు. తర్వాత చాలా నెమ్మదిగా, జబ్బుమనిషిని అడిగినట్టు, "సార్, ఇంకో అట్టపెట్టె తెప్పించనా?" అన్నాడు.

తెప్పించమన్నాను. నా చెవికి నచ్చాలంటే ఆ స్పీకర్లు తప్పు వాయించాలి. అంత పనితనం ఇంగ్లండులోనూ లేదు, డెన్మార్కులోనూ లేదు. రెండు జతలూ వెళ్ళిపోయాయి. ఇసుక పోసిన స్టాండ్లు బరువని తర్వాత వచ్చి తీసుకుంటామన్నారు.

ఐదైంది. జెండా ఊగింది. డక్టులో చీమ చిటుక్కుమనలేదు. మా ఇంటికి కావలసిన ఒక్క చప్పుడూ అందులో లేదు. మూలా నక్షత్రం పది రోజుల్లో పడింది. ఆరు కొట్టగానే హైమ చెప్పులు తొడుక్కుంది. నేను వెనకే నడిచాను.

"నియమం రద్దు చెయ్యండి" అన్నాను దక్షిణామూర్తి గారితో. "నా స్పీకర్లు పోయాయి. ఇంక అవసరం లేదు."

"రద్దా? భావనారాయణ గారూ, కాలువ తవ్వించుకున్న రైతు చనిపోయాడని కాలువ పూడుస్తామా?"

"కనీసం రాజ్యలక్ష్మమ్మ గారికి మినహాయింపైనా ఇవ్వండి."

"ఎగువ ఆయకట్టుకి మినహాయింపా? రేపు మూడో అంతస్తు అడుగుతుంది. ఎల్లుండి కుక్కర్లు లేస్తాయి."

యాదగిరి గారు అక్కడే కూర్చుని టీ తాగుతున్నాడు. కప్పు సాసర్లో పెట్టకుండా చేత్తోనే పట్టుకున్నాడు. అలవాటైపోయింది. "సార్, మా ఇంటామె నిన్న పోపు కూడ పెట్టనియ్యలే. జర ఆలోచించున్రి" అన్నాడు. ప్రెసిడెంటు గారు ఆలోచించలేదు.

హైమ మాత్రం చాలా వినయంగా అడిగింది.

"బాబాయిగారూ, నాకు తెలియక అడుగుతాను. కాలువ కట్టాక నీళ్ళు వదిలి చూడకుండా ఎక్కడా కారట్లేదని ఎలా తెలుస్తుందండీ?"

దక్షిణామూర్తి గారు ఉలిక్కిపడ్డారు. ఆ ప్రశ్న ఆయన్ని సర్వీసులో ఉండగా ఎవరూ అడిగినట్టు లేదు. లేచి రెండడుగులు అటూ ఇటూ నడిచారు.

"ట్రయల్ రన్!" అన్నారు. "అవును. నిశ్శబ్ద విడుదల సమయంలో ఎగువన ఒక ప్రామాణిక శబ్దాన్ని వదలాలి. అది ఏ అవరోధమూ లేకుండా చివరి ఫ్లాటుకి చేరాలి. దారిలో ఇంకే శబ్దం కలిసినా అది లీకేజీ. రోజూ పరీక్షించాలి! అయితే ఆ శబ్దం సన్నగా ఉండాలి. ఎగువ నుంచే రావాలి. అన్నిటికన్నా ముఖ్యం, ప్రతిరోజూ ఒకే చోట ఒకే విధంగా ఉండాలి."

"ఒకే చోట ఒకే విధంగా అంటే పిన్నిగారిని మించినవాళ్ళు ఉండరండీ" అంది హైమ.

మర్నాటి నుంచి ఐదింటికి సైదులు తలుపులు కొట్టేవాడు, జెండా ఊపేవాడు. ప్రతి వంటింటి కిటికీ దగ్గరా ఇంటికొకరు చెవి రిక్కించి నిలబడేవారు. ఇరవై ఇళ్ళు ఊపిరి బిగబట్టేవి. అప్పుడు పైనుంచి వీణ దిగేది. ఇంత నిశ్శబ్దంలో, ఇంతమంది ఇంత శ్రద్ధగా వినే కచేరీ ఏ సభలోనూ జరిగి ఉండదు. మొదటి రోజు రాజ్యలక్ష్మమ్మ గారు పల్లవి రెండుసార్లు మొదలుపెట్టారు. "పబ్లిక్ పరీక్ష రాస్తున్నట్టుందే అమ్మాయ్" అన్నారు మెట్ల మీద. మూడో రోజుకి అలవాటుపడ్డారు.

మధ్యమం మాత్రం తన చోట తాను ఠంచనుగా పడేది. అది పడగానే యాదగిరి గారు తమ కిటికీలోంచి బొటనవేలు ఎత్తి చూపేవాడు. లెక్క ప్రకారం నీళ్ళు చివరిదాకా చేరినట్టు. 203 ముసలాయన ఆ చోటు దాటేదాకా తనంతట తానే మేలుకుని, దాటాక నిద్రపోయేవాడు. వారంలో బిల్డింగంతా ఆ కీర్తన నేర్చేసుకుంది, మధ్యమంతో సహా.

నేను మా హాలు మధ్య కుర్చీలో అలాగే కూర్చునేవాణ్ణి. చెరో పక్కా ఖాళీ స్టాండ్లు. కళ్ళు మూసుకుంటే వాయిద్యం ఎక్కడ కూర్చుందో కచ్చితంగా కనపడేది. సౌండ్‌స్టేజ్ మామూలుకన్నా కాస్త ఎత్తులో ఉంది, అంతే.

మూలా నక్షత్రం నాడు సెల్లార్‌లో కార్లు జరిపి, అమ్మవారి ముందు తివాచీ వేశారు. రాజ్యలక్ష్మమ్మ గారు ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని కూర్చున్నారు. మనవడు, కోడలు ముందు వరసలో ఉన్నారు. అత్తగారు ఐదింటికి చేస్తున్నదేమిటో కోడలికి అప్పుడే తెలిసినట్టుంది, కళ్ళార్పకుండా చూస్తోంది.

పల్లవి అయింది. అనుపల్లవి వచ్చింది. ఆ చోటు దగ్గరపడుతుంటే మేమంతా తెలియకుండానే ముందుకి వంగాం. గాంధారం పలికింది. పంచమం పలికింది. వేలు మధ్యమం మెట్టుని ముట్టుకోకుండా, గుమ్మం దాటిన పెళ్ళికూతురిలా దాటి వెళ్ళిపోయింది.

ఒక్కసారిగా జనంలో గుసగుస లేచింది. "పోయింది", "మర్చిపోయారు పాపం", "భయపడ్డారేమో" అంటున్నారు. యాదగిరి గారు సగం ఎత్తిన బొటనవేలు దించుకున్నాడు. దక్షిణామూర్తి గారు నా చెవిలో "సరఫరాలో ఒక స్వరం నష్టం. ఎక్కడో గండి పడింది" అన్నారు. వాయించినావిడ కాక, ఇందులో తప్పు లేదని తెలిసినవాళ్ళం సెల్లార్ మొత్తం మీద ముగ్గురమే. హైమ, నేను, అమ్మవారు.

మంగళహారతి అయ్యాక రాజ్యలక్ష్మమ్మ గారు నా దగ్గరికొచ్చారు. ముఖం వెలిగిపోతోంది.

"పోయింది నాయనా! పది నెలల పీడ. ఇంతమంది అంత శ్రద్ధగా విన్నారు కాబట్టే పోయింది. ఎలా ఉంది?"

"అద్భుతంగా ఉందండీ" అన్నాను. ఆవిడ వెళ్ళకుండా నా ముఖంలోకే చూస్తున్నారు. "కాకపోతే..." అని ఆగిపోయాను.

"కాకపోతే?"

"ఏం లేదండీ. అలవాటు."

ఆవిడ చుట్టూ చూశారు. యాదగిరి గారు, 203 ముసలాయన, ప్రెసిడెంటు గారు, అందరూ సానుభూతిగా తలలూపుతున్నారు. ఆవిడకి ఏం అర్థమైందో తెలియదు. ప్రసాదం తీసుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు ఐదింటికి తలుపులు కొట్టారు, జెండా ఊగింది. డక్టు చుట్టూ ఇరవై చెవులు. వీణ మొదలైంది. నేను కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాను. హైమ వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఉంది. గాంధారం వచ్చింది.

మధ్యమం పడింది.

వేలు జారి పడిందో, మా ముఖాలు గుర్తొచ్చి వేశారో, ఆ సంగతి ఆవిణ్ణి ఇప్పటికీ అడగలేదు. కానీ అది పడగానే డక్టు అడుగున ఎక్కడో ఎవరో "హమ్మయ్య" అన్నారు. చాలా చిన్నగా అన్నారు. అయినా ఆ నిశ్శబ్దంలో నాలుగో అంతస్తు దాకా వినపడింది.

ఆరింటికి యాదగిరి గారు మెట్లు దిగి వచ్చాడు. దక్షిణామూర్తి గారు తమ గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

"సార్, ఇయ్యాల ఒక్క లీకేజ్ పడ్డది. ఫస్ట్ ఫ్లోర్ల."

"ఏ ఫ్లాటు?" అన్నారాయన కఠినంగా.

"మీదే సార్."